గడప లేని గది

మా తోటను ఊళ్ళోవాళ్ళు వెటకారంగా దీవి అనేవాళ్ళు. చెరువు నిండితే మూడు వైపులా నీళ్ళు నిలిచే దిబ్బ అది. అనంతపురం చెరువుల సంగతి తెలిసిందే కదా, మా దీవి చుట్టూ ఎప్పుడు చూసినా నీళ్ళకు బదులు తుమ్మచెట్లూ, మేసే గొర్రెలూనే. తొంభైల చివర ఒక ఏడు మాత్రం దసరాకు ముందే చెరువు నిండింది. ఆ నీళ్ళు తన అక్కకు చూపించాలని మా నాయన పట్టుబట్టాడు.

ఆ మేనత్త ధర్మవరంలో పట్టుచీరలకు కుచ్చులు వేసి బతికేది. పోలియో వచ్చి చిన్నప్పుడే కాళ్ళు పడిపోయాయి. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి, దాని వెంట ఒక నల్ల కుక్క లేకుండా ఎక్కడికీ కదిలేది కాదు. చుట్టాలు ఆమెను ఎత్తుకుని గడప దాటించి, కుక్కను బయట కట్టేసేవాళ్ళు. ఆ మర్యాదంటే ఆమెకు ఒళ్ళు మంట.

"మూటను మోసినట్ల మోస్తారు. ఇంగ ఎవరింటికీ రాను" అని తేల్చి చెప్పింది. అన్నట్టే మా ఇంటికీ రావడం మానేసింది.

అందుకని నాయన తోటలో మోటారు గదిని ఆమె కోసం బాగుచేయించాడు. బోరు ఎండిపోయాక అది ఖాళీగానే ఉంది. బండి పట్టేలా వాకిలి వెడల్పు చేయించి, మెట్టు తీసేసి ఏటవాలుగా సిమెంటు పోయించాడు. తీరా వడ్రంగి అలవాటు చొప్పున గడపతో సహా ద్వారబంధం నిలబెట్టి పోయాడు. అమ్మ దానికి పసుపు కూడా పూసింది. నాయన రంపం తెచ్చి ఆ గడప కోసేశాడు.

"గడప లేకుంటే లక్ష్మి యాడుంటాది?" అంది అమ్మ.

"గొడ్ల కొట్టానికి గడప ఉండాదా? ఆడ లేదా లక్ష్మి?" అన్నాడు నాయన.

ఆ తర్వాత అమ్మ ఆయనతో మాటలు మానేసింది.

దసరా సెలవుల్లో అత్త వచ్చింది. బండి తిప్పుకుంటూ సిమెంటు మీదుగా సాఫీగా పైకెక్కి, వాకిలి దగ్గర టక్కున ఆగిపోయింది. అమ్మ మనసొప్పక, గడప ఉండాల్సిన చోట నేల మీదే అడ్డంగా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉంచింది. తడి ఇంకా ఆరలేదు.

"దీన్ని ఎట్ల తొక్కేది?" అంది అత్త. గడప తొక్కితే పాపమని వింటూ పెరిగిన మనిషి. నాయన బండిని ఎత్తబోయాడు.

"ముట్టాకురా" అంది. బండిని వెనక్కి తిప్పబోయింది. నాయన ఇంత చేసినా ఆమె వెళ్ళిపోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది.

ఇంతలో కుక్క పసుపు మీదుగా నడిచి దర్జాగా లోపలికి పోయింది. మంచం దాకా పచ్చటి అడుగులు పడ్డాయి. అమ్మ కుక్కను వసారా కూడా ఎక్కనిచ్చే రకం కాదు. తిట్లకు సిద్ధమయ్యాం. ఆమె ఆ అడుగుల వైపు కాసేపు చూసింది.

"దానికి లేని పట్టింపు మనకెందుకు వదినా, రా" అంది.

అత్త బండి తిప్పింది. చక్రాల వెంట పసుపు మూడు గీతలుగా లోపలికి సాగింది. కిటికీ దగ్గర ఆగి, నీళ్ళకేసి చూసింది.

"దిగకుండా, ఎవరూ ఎత్తకుండా ఒగ ఇంట్లోకి నేను వచ్చింది ఇదే మొదలు" అంది.

మర్నాడు ఆయుధపూజ. అమ్మ పసుపు గిన్నె పట్టుకుని, వాకిలి దగ్గర ఆగకుండా నేరుగా లోపలికి వెళ్ళి, అత్త బండి చక్రాలకు పూసింది. పండగ అయిపోయింది. అత్త మా దగ్గర ఉన్నన్నాళ్ళూ మాత్రం అమ్మ రోజూ పొద్దున్నే ఆ చక్రాలకు పసుపు పూస్తూనే ఉంది.