పదహారు సగం సబ్బులు

ఆ రోజుల్లో మా ఊళ్లో చప్పట్లు కొట్టడమంటే జొన్నచేలో పిట్టలు తోలడమే. మంచె మీద నిలబడి రెండు చేతులూ గట్టిగా చరిచి, వెంట ‘హోయ్’ అని ఒక కేక వేస్తే చిలుకల గుంపు లేచిపోయేది. మనిషిని మెచ్చుకోవడానికి కూడా చేతులు చరుస్తారని మాకు తెలియదు. మెచ్చుకోక తప్పకపోతే “మంచిగ చేసినవ్ రా” అనేవాళ్లం, అదీ ఏడాదికి ఒకటి రెండుసార్లు. టీవీలో సినిమావాళ్ల అవార్డుల సభ వచ్చినప్పుడల్లా నాకు ఆ పిట్టలే గుర్తుకొస్తాయి. మొన్న ఆదివారం మధ్యాహ్నం భూపాలపల్లిలో, గనిలో పనిచేసే మా మేనల్లుడి క్వార్టర్లో అలాంటి సభే ఒకటి చూశాం. నాకు లెక్కపెట్టే జబ్బు ఉంది (బడికి పోనివాడికి రాతా అంకెలూ వస్తే ఇంతే, కొత్త చెప్పులు కొన్నవాడు ఇంట్లో కూడా విప్పడు). మూడు గంటల సభలో బహుమతి చేతికందిన సమయమంతా కలిపితే ఇరవై నిమిషాలు దాటలేదు. తక్కినదంతా నడిచి రావడం, కౌగిలించుకోవడం, అమ్మకూ నాన్నకూ దేవుడికీ దండాలు పెట్టడం. ఇది చూడటం జనానికి నిజంగా ఇష్టమేనా అని గది నలువైపులా చూశాను. మేనల్లుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాడి భార్య బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పక్క క్వార్టరాయన పోతానని మూడుసార్లు లేచి మూడుసార్లు కూర్చున్నాడు. ఎవరికీ నచ్చలేదు, ఎవరూ కట్టెయ్యనూ లేదు. ఒక్క మా అక్క మాత్రం, అరవై దాటిన మనిషి, గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చుని వచ్చిన ప్రతివాడికీ చప్పట్లు కొడుతోంది.

మధ్యలో కళ్లు తెరిచిన మేనల్లుడు, “అమ్మకు గిదో పిచ్చి మామా, లైట్లు పట్టుకున్నోనికి సుత కొడ్తది” అన్నాడు. “నీకు కొట్టలేదారా? నీకూ వచ్చింది కదా అవార్డు” అన్నాను. పక్క క్వార్టరాయన ఏమిటా అవార్డు అని ముందుకు జరిగాడు. ఇక నన్ను ఆపేదెవరు? ముప్పై ఎనిమిదేళ్లుగా పెళ్లిళ్లలో, పదకొండో రోజు భోజనాల్లో చెప్పి చెప్పి అరగదీసిన కథ అది. మళ్లీ మొదలుపెట్టాను.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. నర్మెట్ట దగ్గర మా ఊరు. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు, దొర కూడా గడీ వదిలి పట్నం పోయాడు. కానీ గడీ ఖాళీగా లేదు. అందులో మిలిటరీ క్యాంపు దిగింది. కమ్యూనిస్టు దళాల్లోకి పోయినవాళ్ల జాడ చెప్పమని మనుషులను లోపలికి పిలిచేవారు. పిలిచినవాళ్లలో నడిచి తిరిగొచ్చినవాళ్లు ఎందరో, మోసుకొస్తే వచ్చినవాళ్లు ఎందరో నా దగ్గర లెక్క ఉండేది. అసలు తిరిగిరానివాళ్లు ఇద్దరు. మా బావ దళంలో ఉండేవాడు. పొట్టలో తూటా దిగి, నాలుగు రోజుల కిందట ఎలాగో ఇంటికి చేరాడు. కొట్టంలో జొన్నచొప్ప కింద పడుకోబెట్టాం. బావ అక్కడున్న సంగతి అక్కకూ, ఆమె అత్తకూ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆకుపసరు కట్టు కడుతున్నాం గానీ జ్వరం దిగడం లేదు. రెండు కోసుల, అంటే నాలుగు మైళ్ల దూరంలో, వాగు దాటాక గుట్ట ఉంది. అక్కడికి చేరిస్తే దళంవాళ్లు తీసుకుపోయి వైద్యం చేయిస్తారని కబురు వచ్చింది. కానీ ఊరి దారిలో పగలూ రాత్రీ ఇద్దరు సిపాయిలు.

అలాంటి సమయంలో పటేలు నన్ను పిలిచాడు. “ఏయ్ లెక్కలోడా, పట్వారీ భయపడి పట్నంల కూసున్నడు. ఎల్లుండి పొద్దుగాల గడీ ముంగట సభ. క్యాంపు సాబు ఊరోళ్లకు ఇనాములిస్తడట. ఐదుగురి పేర్లు రాసుకరా” అన్నాడు.

“ఎందుకు ఇనాములు, పటేలా?”

“మంచిగున్నందుకు.”

“ఐదుగురు మంచిగున్నోళ్లు ఉన్నరా మనూర్ల?”

“నోరు మూసుకొని రాయి. ఫోటో తీసెటాయన వస్తుండు. సిపాయిలంత అక్కడ్నే ఉంటరు, దారిమీదోళ్లు సుత. ముసలోళ్లు తప్ప ఊరంత రావాలె. ఇనాములైనంక ఇండ్లు, కొట్టాలు, గడ్డివాములు అన్నీ తిప్పి చూస్తరు. నేను చెప్పిన్నని ఎవ్వలతోని అనకు.”

నేను తిన్నగా అక్క దగ్గరికి వచ్చాను. బావ తల్లి ముసలిది కాబట్టి సభకు రానక్కర్లేదు. బండి తోలడంలో ఆమెకు మగవాళ్లు కూడా సాటిరారు. చొప్పబండిలో బావను పెట్టుకుని, సిపాయిలు సభలో ఉండగా గుట్టకు చేర్చాలి. నేను నేల మీద పుల్లతో లెక్క కట్టాను. ఎడ్లు గంటకు కోసు నడుస్తాయి. లోపలి మనిషికి కుదుపులు తగలకూడదంటే నిదానంగా తోలాలి కాబట్టి రెండున్నర గంటలు. ఐదు ఇనాములకూ మాటలకూ కలిపి అరగంట. “రెండు గంటలు తక్కువైతున్నయి అక్కా” అన్నాను. అక్క ఏడాది పిల్లవాడికి పాలిస్తూ, తల కూడా ఎత్తకుండా, “అయితే ఇనాములు పెంచు” అంది.

ఆ మాట వినడానికి తేలిక. కూర్చుని రాయబోతే తెలిసింది. మేలైన ఎద్దు, పెద్ద మీసం, శుభ్రమైన వాకిలి, బొద్దుగా ఉన్న బిడ్డ, ఎక్కువ మాట్లాడనివాడు, వంకర లేకుండా సాలు దున్నినవాడు... పదిహేను దాకా ఎలాగో లాగాను. పదహారోది ఏమీ తోచక ‘చప్పట్లు బాగా కొట్టినవారికి’ అని రాసేశాను. (ఈనాటి సినిమా అవార్డుల జాబితా చూసినప్పుడల్లా, అది రాసినవాడి ఇంట్లో కూడా ఎవరినో దాచిపెట్టారేమో అనిపిస్తుంది.) జాబితా చూసి క్యాంపు దుబాసి, అంటే సాబు మాటలు మాకు తెలుగులో చెప్పేవాడు, తల పట్టుకున్నాడు.

“పదహారా? పరేషాన్ చేస్తున్నవేందిరా! ఉన్నయే ఎనిమిది సబ్బులు.”

“సగం చేస్తే పదహారైతయి సార్.”

“సగం సబ్బు ఇనామా! ఎవలన్న నవ్వుతరు.”

“సాబుకు ఎనిమిది సార్లు చప్పట్లు పడాల్నా, పదహారు సార్లు పడాల్నా? మీరే చెప్పుండ్రి.”

దుబాసికి తన సాబు సంగతి తెలుసు. సిపాయిలు చప్పట్లు కొడితే కూర్చున్నవాడు మళ్లీ లేచి మాట్లాడతాడు; అది గడీ గోడ బయటికీ వినిపించేది. అందుకే ఊళ్లో ఆయనకు చప్పట్ల సాబు అని పేరు పడింది. దుబాసి దారంతో సబ్బులు కోయడం మొదలుపెట్టాడు.

సభ రోజు పొద్దున ఊరంతా గడీ ముందు కూర్చుంది. దళంలోకి పోయినవాళ్ల పెళ్లాలను ముందు వరుసలో కూర్చోబెట్టేవారు కాబట్టి అక్క ముందే ఉంది, ఒళ్లో పిల్లవాడితో. నేను వేదిక పక్క గుంజ నీడను కొలిచి, రెండున్నర గంటలకు ఎంత కురచవుతుందో అక్కడ కాలి బొటనవేలితో గీత గీశాను. దారిమీది సిపాయిలిద్దరూ వచ్చి ఫోటో కోసం వరుసలో నిలబడ్డారు. దూరంగా బండి ఇరుసు కిర్రుమనడం వినబడింది. సాబు లేచి రెండు మాటలు మాట్లాడాడు. దుబాసి చేయి ఎత్తి కొట్టండన్నాడు. ఊరు ఊరంతా తమకు తెలిసిన పద్ధతిలో చేతులు చరిచి ‘హోయ్’ అని అరిచింది. గడీ గోడమీది కాకులన్నీ లేచిపోయాయి. సిపాయిలు తుపాకులు సర్దుకున్నారు. సాబు మాత్రం మొహం విప్పార్చుకుని మళ్లీ లేచి మాట్లాడాడు.

మూడో బహుమతి ఎద్దుది. వేదిక మెట్లెక్కనని అది మొండికేసింది. ముందు నుంచి ఇద్దరు లాగారు, వెనక నుంచి ముగ్గురు నెట్టారు. ఎక్కినాక సాబు మెడలోని బంతిపూల దండ సగం తినేసింది. ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. అక్క కూడా నవ్వింది, అంతకు ముందు ఎన్ని నెలలుగానో నవ్వని మనిషి. నేను ఎనిమిది నిమిషాలు వేసుకున్నచోట ఎద్దు ఇరవై నిమిషాలు లాగింది. మనసులో దానికి దండం పెట్టుకున్నాను. బొద్దుబిడ్డ బహుమతి మా మేనల్లుడికి వచ్చింది. వాడు సబ్బు నోట్లో పెట్టుకుని ఏడిస్తే నురగ వచ్చింది. ‘ఎక్కువ మాట్లాడనివాడు’ బహుమతి మా వాడకట్టు తాతకు రాశాను. నెల కిందట ఆయనను గడీలోంచి మోసుకొచ్చారు, ముందుపళ్లు లేకుండా. ఆయన ఏం చెప్పకుండా వచ్చాడో ఊరందరికీ తెలుసు. తాత కుంటుతూ వెళ్లి, తన పళ్లు రాలగొట్టించిన సాబు చేతి నుంచి సగం సబ్బు తీసుకుని, ఏమీ మాట్లాడకుండా తిరిగొచ్చాడు. ఆ ఒక్కసారి ఎవరూ ‘హోయ్’ అనలేదు. ఉత్త చేతుల చప్పుడు, చాలాసేపు. మెచ్చుకోవడానికి చప్పట్లు కొట్టడం మా ఊరు ఆ రోజే నేర్చుకుంది.

సాబుకు ఆకలేసిందో ఏమో చివరివి గబగబా పంచేశాడు. పదిహేను అయ్యేసరికి నీడ గీతకు ఇంకా జానెడు దూరంలో ఉంది. నా లెక్కన అది అరగంట. పదహారోది చప్పట్ల బహుమతి. సాబు ముందు వరుసలోకి చూసి వేలు చూపించాడు. అక్క! అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పిల్లవాడిని నాకిచ్చి వేదికెక్కింది. సబ్బు ఇచ్చి, ఏమన్నా చెప్పమ్మా అన్నాడు దుబాసి. (ఇప్పటి హీరోయిన్లు ఇక్కడే కళ్లు తుడుచుకుంటారు.) అక్క కొంగు సర్దుకుని, “ఇంకొంచెం సేపు కూసుంటం సాబు. మాకేం తొందర లేదు” అంది. దుబాసి ఆ మాట సాబుకు చెప్పాడు. ఆయన టోపీ తీసి బల్లమీద పెట్టి, తన ఊరి గురించి, తన ఊరి చెరకుతోటల గురించి అరగంట పైన మాట్లాడాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సందు దొరికినప్పుడల్లా పిట్టలు తోలాం. నీడ వచ్చి గీతను తాకింది. నేను కళ్లు మూసుకున్నాను. అంత గర్వం నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు.

సోదా ఊరి అటు కొసన మొదలైంది, దారిమీది సిపాయిలు కూడా అందులోనే. మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం బాగా వాలింది. అప్పటికే బండి తిరిగొచ్చింది. అక్కా, వాళ్ల అత్తా బండి పలకల మీది నెత్తురును ఆ సగం సబ్బుతోనే రుద్ది కడుగుతున్నారు. సాబు వాకిట్లో నిలబడి చూసి దుబాసితో ఏదో అన్నాడు. “మీ శుభ్రం చూసి సాబు సంతోషపడుతుండు. సబ్బు సరైన చేతుల్ల పడ్డదంటుండు” అని దుబాసి చెప్పాడు. కొట్టంలో వాళ్లకు చొప్ప తప్ప ఏమీ దొరకలేదు. క్యాంపులు ఎత్తేసేదాకా రెండేళ్లు అక్క గాజులు తీయలేదు, బొట్టు చెరపలేదు. ఆ తర్వాతే బావ గుట్టల్లో చనిపోయాడని అందరికీ చెప్పింది; ముందే చెబితే ఎలా తెలిసిందని గడీలోకి పిలుస్తారు కదా. బతకలేదు గానీ తనవాళ్ల మధ్యకు చేరి పోయాడు కదా, చేర్చింది నా లెక్కే కదా అని నేను సమాధానపడ్డాను.

కథ ముగించి, “పదహారు సగం సబ్బులతోని రెండు కోసులు దాటించిన మనిషిని నేను” అన్నాను, ఎప్పటిలాగే ఛాతీ విరుచుకుని. పక్క క్వార్టరాయన “శభాష్” అన్నాడు. టీవీలో ఎవరో ఏడుస్తూ కృతజ్ఞతలు చెబుతున్నారు. అక్క తెరమీది నుంచి చూపు తిప్పకుండానే, “వాగు కాడనే పోయిండు తమ్మీ” అంది.

నాకు అర్థం కాలేదు. “ఎవరక్కా?”

“మీ బావ. వాగు దాటకముందే పానం పోయిందట. బండి కడుగంగ అత్తమ్మ చెప్పింది.”

“మరి మీ అత్త గుట్టదాక ఎందుకు పోయింది?”

“బండి ఆపితె ఏడుపొస్తది. ఏడిస్తె ఊర్లకు వినపడ్తది. అందుకే ఆపలేదట. గుట్ట కాడ వాళ్లు మట్టి చేసిన్రు.”

“ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?”

“నువ్వు అంత మంచిగ లెక్క కట్టినవ్. పెండ్లిళ్లల్ల చెప్పుకుంటుంటివి. ఎందుకులే అనుకున్న.”

నా జబ్బు నన్ను ఊరికే కూర్చోనివ్వదు కదా. వాగు ఊరికి అరకోసు. చొప్పబండికి ముప్పై అయిదు, నలభై నిమిషాలు. అప్పటికి సభలో ఏం జరుగుతోంది? మూడో బహుమతి. ఎద్దు మెట్లెక్కనంటోంది. ఊరంతా కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఈ కూడిక అక్క ఎప్పుడో చేసుకుని ఉంటుంది, పుల్ల అక్కర్లేకుండానే. ఇన్నిసార్లు ఎద్దు ముచ్చట చెప్పి అందరినీ నవ్వించానే, ఒక్కసారైనా ఆమె మొహం చూశానా?

అక్క వైపు తిరిగి అడిగాను. “మరి గీ సినిమోళ్లకు ఎందుకు కొడ్తున్నవ్ అక్కా? గింత సేపు కూసోబుద్ధి అయితదా?”

“యాడ బుద్ధయితది! నడుములు పడిపోతయి. కని సభ అయిపోతె సిపాయిలు సోదాకు లేస్తరనిపిస్తది తమ్మీ. గిప్పటికీ” అని, సిగ్గుపడ్డట్టు నవ్వింది.

తెరమీద చివరి బహుమతి పిలిచారు. ఎవరో నడుచుకుంటూ వస్తున్నారు. నేనూ అక్కతో పాటు చేతులు చరిచాను. నాకు తెలియకుండానే వెంట ‘హోయ్’ అని కేక వచ్చేసింది. మేనల్లుడు ఉలిక్కిపడి లేచి, “ఏంది మామా, ఇంట్ల పిట్టలు తోలుతున్నవ్?” అన్నాడు. పక్క క్వార్టరాయన నవ్వాడు, అక్క ఇంకా కొడుతూనే ఉంది. గుంజ నీడ గీతను తాకిందని కళ్లు మూసుకుని మురిసిపోయిన ఆ పద్దెనిమిదేళ్ల లెక్కలోణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. గంటలు సరిగానే కూడాడు, పాపం. బండిలో పడుకున్న మనిషి దగ్గర ఎన్ని మిగిలాయో అడగడం మరిచిపోయాడు.