వరసలక్క

నర్సులకు సాయంగా పనిచేసే వరసలక్కకు లోకంలో ఒక్కటే పిచ్చి. కనిపించిన ప్రతి కీలుతోనూ చుట్టరికం కలిపేస్తుంది. మనిషి పేరడగడం మరిచిపోతుందేమో గానీ, వరసపెట్టి పిలవకుండా ఎవరి మోకాలినీ ముట్టుకోదు. మోకాలు బావగారు. మోచెయ్యి మరిది. మణికట్టు మరదలు. భుజం మాత్రం ఎవరిదైనా సరే పెదనాన్నగారే. "బరువెక్కువ, కదలిక తక్కువ, పిలిస్తే పలకడు. ఇంకేమవుతాడు?" అనేది.

మంచం దిగలేని రోగుల కీళ్లు బిగుసుకుపోకుండా రోజుకు రెండుసార్లు వాళ్ల కాళ్లూ చేతులూ వంచి చాపడం ఆమె పని. ఆమె గొంతు మెట్ల దగ్గర వినిపిస్తే చాలు, వార్డంతా తలగడలు సర్దుకుని కూర్చునేది.

"బావగారూ, ఏమిటా బిర్రు? రండి, మడవండి... అదీ! ఇంకొంచెం... వద్దు వద్దు, మొహం చిట్లిస్తున్నారు, ఇక్కడే ఆగుదాం!"

కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి సిస్టరుకు మొదటిరోజే ఒళ్లు మండింది.

"ఇది ఆసుపత్రా, పెళ్లిపందిరా?"

"చిన్న పలకరింపు, అంతే సిస్టర్," అంది వరసలక్క, మోకాలి కింద పెట్టిన అరచెయ్యి తియ్యకుండా.

"పలకరిస్తే మనిషిని పలకరించు."

"మనిషితో నాకేం గొడవండీ? మొండికేసింది ఈయన!"

సిస్టరు పళ్లు నూరుకుని ఊరుకుంది. ఆ వారమే ఒక బస్సు డ్రైవరు వచ్చి చేరాడు. పక్షవాతం. ముప్ఫయ్యేళ్లు బస్సు తిప్పిన కుడిచెయ్యి పడిపోయింది. దాన్ని దుప్పటి కింద దాచేసి, దగ్గరికెవరొచ్చినా "ముట్టుకోవద్దు!" అని కసిరేవాడు. ఇలాగే వదిలేస్తే భుజం పట్టేస్తుందని, తరవాత చొక్కా తొడుక్కోవడం కూడా కష్టమేనని డాక్టరు హెచ్చరించి వెళ్లాడు.

వరసలక్క తిన్నగా దుప్పటినే అడిగింది. "పెదనాన్నగారున్నారా?"

"లేరు!" అని అరిచాడు డ్రైవరు.

"మరి లోపలెవరండీ, దొంగా?"

స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య నవ్వాపుకోలేక కిసుక్కుమంది. ఆయన ఆవిడ వైపు గుడ్లురిమి చూశాడు. కానీ దుప్పటి కదిలింది! వరసలక్క ఒక చెయ్యి మోచేతి కింద, ఒక చెయ్యి మణికట్టు కింద పెట్టి, నిండుకుండ ఎత్తినట్టు ఎత్తింది. జానెడు లేచింది. "చాలు. ఈ పెదనాన్నకి బద్ధకం. మీ తప్పేం లేదు," అంది.

మర్నాడు మూరెడు! పక్క మంచాలవాళ్లు చప్పట్లు, ఈలలు. గోల కింది అంతస్తుదాకా వెళ్లింది. సిస్టరు ఓర్పు అక్కడితో సరి. వరసలక్కను దుప్పట్లు మడతపెట్టే గదికి పంపేసి, డ్రైవరు చేతిని తనే పట్టుకుంది.

పట్టు తప్పలేదు, పద్ధతి తప్పలేదు. మాటే తప్పింది. "మీరు ప్రయత్నించడం లేదు. నిన్న ఇంతకంటే పైకి లేపారుగా?"

డ్రైవరు మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. "నావల్ల కాదు. నన్నొదిలెయ్యండి."

రెండు రోజులు చెయ్యి దుప్పటి దాటలేదు. మూడో రోజు భార్య వరండాలో సిస్టరును పట్టుకుంది. "నాతో కూడా మాట్లాడ్డం మానేశారమ్మా. తిట్టడం కూడా లేదు, నాకు భయమేస్తోంది."

సిస్టరు తిన్నగా దుప్పట్ల గదికి నడిచింది. దిండు గలీబులకు కీళ్లుండవు కనక వరసలక్క నోరుమూసుకుని కూర్చుంది.

"నేనూ నీలాగే పట్టుకున్నాను కదా. నాకెందుకు లేవలేదు?"

వరసలక్క గలీబు అంచులు కలిపింది. "పనిలో చేరిన కొత్తలో ఒక ముసలాయన్ని, 'ఇంతమాత్రం వంచలేరా?' అన్నాను సిస్టర్. ఆ తరవాత నేనెప్పుడెళ్లినా నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేవాడు. అసలే చెయ్యి లేవని మనిషి, ఆ మాట కూడా మొయ్యాలా? అప్పట్నించీ తిట్లన్నీ కీళ్లకే. పడి ఉంటాయి పాపం, వాటికి చెవులా పాడా!"

 సిస్టరు ఆమె చేతిలోంచి గలీబు లాక్కుంది. "ఇవి నేను మడతపెడతాను. నువ్వెళ్లు. గట్టిగానే పిలువు."

నెల తిరిగింది. ఇంటికి వెళ్లే రోజు పొద్దున భార్య తల దువ్వబోతే, డ్రైవరు దువ్వెన కుడిచేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి లేచింది. గుండెదాకా వచ్చింది, గడ్డందాకా వచ్చింది! చెవి దగ్గర ఆగిపోయింది. వరసలక్క మోచేతి కింద ఒక్క వేలు పెట్టింది, తొయ్యలేదు. దువ్వెన నడినెత్తికెక్కి, సర్రున వెనక్కి జారింది!

అందరికంటే పెద్దగా అరిచింది సిస్టరే.

"ఉన్న పది వెంట్రుకలకి ఇంత సంబరమా!" అంది భార్య, కళ్లు తుడుచుకుంటూ.

"పదకొండు," అన్నాడు డ్రైవరు, రెండోసారి దువ్వుకుంటూ.