ఐసక్క ఒప్పుకున్న తప్పు

మా ఆరోగ్య కేంద్రంలో టీకాల పెట్టె మోసే మనిషిని అందరూ ఐసక్క అంటారు. నాకంటే నాలుగేళ్లు చిన్నదైనా నేనూ అక్కా అనే పిలుస్తాను. ఇరవై రెండేళ్లుగా ఆమె ఐసు ముక్కల మధ్య సీసాలు పేర్చుకుని, పెట్టె భుజాన వేసుకుని, రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి రెండు రోజులు నడిచి కొండ మీది ఊళ్లకు చేరుతుంది. మళ్లీ రెండు రోజులు దిగి వస్తుంది.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి ఎవరైనా ఒక్క క్షణం నిలబడితే చాలు, "ఏం కావాలో ముందే ఆలోచించుకుని తియ్యండి, అదేమన్నా కిటికీనా చూస్తూ నిలబడ్డానికి?" అని కసురుతుంది. సైకిళ్లు బాగుచేసే ఆమె మొగుడు ఒకసారి నా దగ్గర మొరపెట్టుకున్నాడు. "మా ఆవిడకి నేను చెడిపోయినా పర్లేదండీ, చల్లదనం చెడిపోకూడదు."

అతను నవ్వుతూ అన్నాడు గానీ, దాని వెనక నవ్వులాట లేదు. ఒక వేసవిలో ఆమె పైఊరు చేరేసరికి ఐసు కరిగి నీళ్లయింది. మందు వేడికి చెడితే చూపించే, సీసాల మీది గుర్తు రంగు మారింది. పిల్లల్ని ఎత్తుకుని వరసలో నిలబడ్డ తల్లుల ఎదుటే ఆ సీసాలన్నీ తిరిగి పెట్టెలో పెట్టేసుకుంది. ఒక తల్లి, "ఇంత దూరం నడిచొచ్చావు, నీ తప్పేముందిలే" అందట. "నాలుగు తిట్టినా బాగుండేది కాంపౌండరు గారూ" అంటుంది ఐసక్క ఇప్పటికీ.

అందుకే కొత్త టీకా సంగతి విన్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. ఆర్‌ఎన్‌ఏ టీకా అంటే అంతకుముందు మాకు వార్తల్లో వినడమే. ఐసుకు కూడా లొంగని సుకుమారం దానిది. నగరాల్లోని పెద్ద ఫ్రీజర్లు దాటి కాలు బయటపెట్టేది కాదు. ఇప్పుడు దాన్ని ఎండబెట్టి పొడి చేశారట. నలభై డిగ్రీల వేడిలో నెల రోజులున్నా చెడదట, సూది వేసేముందు నీళ్లలో కలిపితే చాలట. ల్యాబులో తేలిన మాట మా దారిలోనూ తేలాలని ఒక పెట్టె పంపించారు. ఈ విడత ఎవరికీ సూది వెయ్యరు. పైకి మోసుకెళ్లి, తిరిగి తెచ్చి, మందు బతికుందో లేదో చూడటమే. పెట్టెలో ఎప్పటి వేడి అప్పుడు రాసుకునే బొత్తామంత యంత్రం ఉంది. నిబంధన ఒకటే: ఐసు పెట్టకూడదు.

సూచనల కాగితం ఐసక్కకు మూడుసార్లు చదివి వినిపించాను.

"ఐసు లేకుండానా? మీరు చొక్కా లేకుండా పెళ్లికి వెళ్తారా?"

"ఇది వేరే మందు అక్కా. ఎండని తట్టుకుంటుంది."

"తట్టుకుంటుందని దానికి తెలుసా?"

పెట్టె వచ్చిన రోజు పెద్దాఫీసు అధికారి కారులో దిగారు. 'మారుమూల ప్రజల చెంతకు విజ్ఞానం' అనే విషయం మీద ఆవరణలో షామియానా కింద రెండు గంటలు మాట్లాడారు. నేను వేదిక మీద ఒక కుర్చీ సంపాదించాను. పైకెక్కే ముందు ఆ కారు అద్దంలో తల కూడా దువ్వుకున్నాను. ఒంటిగంటకు ఫొటోల మధ్య పెట్టె ఐసక్క చేతికిచ్చారు. ఆమె మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరి, అయిదో రోజున పెట్టెతో దిగి వచ్చింది.

మూడు వారాలకు నివేదిక వచ్చింది. మందు శక్తి సగానికి పడిపోయింది. 'వాహకురాలి నిర్లక్ష్యం వల్ల పెట్టె తీవ్రమైన ఎండకు గురైనది. ఇటువంటి దారులకు ఈ టీకా తగదు.' కింద ఆమె సంతకానికి గీత గీసి పెట్టారు.

"మళ్లీ చదవండి" అంది. చదివాను. ఇంకోసారి చదవమంది. మూడోసారికి నాకే నోరు చేదెక్కింది. అయినా పిరికి సలహాకి నేనెప్పుడూ ముందుంటాను. "పోనీలే అక్కా, సంతకం పెట్టేస్తే ఇక్కడితో పోతుంది. ఉద్యోగమేం తియ్యరు."

"ఆ ముక్క మీ ఇంటి గోడ మీద రాసిపెడితే ఊరుకుంటారా? నా ఒక్కదాని పేరేనా అది? నేను పనికిమాలినదాన్నని పైఊళ్లకి మందే తగదంటున్నారు. చదువుకున్నారు కదా, కనబళ్లేదా?"

కనబడింది. కుర్చీలో కూర్చున్నవాడికి నడిచేవాడి తప్పులు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో, ఎంత అందమైన అక్షరాల్లో రాస్తాడో తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె సంతకం పెట్టనంది. దాంతో అధికారి మళ్లీ వచ్చారు. వెంట మందు తయారుచేసిన ల్యాబు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. యంత్రం రాసిన గీతను బల్ల మీద పరిచారు. గీత మొదట నిటారుగా అరవై రెండుకి ఎక్కింది. తర్వాత ధబాలున నాలుగుకి పడి, కొంతసేపు అక్కడే పాక్కుంటూ పోయింది. ఆ తర్వాత పగలు ముప్పై తొమ్మిది, రాత్రి ఇరవై ఎనిమిది. గడియారం సరిచెయ్యడం ల్యాబులో ఎవరో మర్చిపోయారట, ఏది ఏ గంటో అందులో లేదు.

"ఇదిగో, మొదటిరోజు మధ్యాహ్నం ఎండలో ఎక్కడో పెట్టి కునుకు తీశారు" అన్నారు అధికారి, గీత ఎక్కిన చోట వేలుపెట్టి. "ఈ గొయ్యి, ఆ రాత్రి కొండ మీది చలి."

ఐసక్క గీత మీదికి వంగింది. "మిగతా రాత్రులన్నీ ఇరవై ఎనిమిది, ఆ ఒక్క రాత్రే నాలుగా? నాతోపాటు నడిచొచ్చి, ఒక్క పూట ఉండి వెళ్లిపోయిందా అండీ చలి?"

ల్యాబు అమ్మాయి పెదవి కొరుక్కుంది. అధికారి మాత్రం, "మరైతే ఏమిటది?" అన్నారు.

 ఐసక్క కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా. "నా ఐసు" అంది చివరికి. "వద్దన్నారు. పెట్టాను. కాంపౌండరు గారు మూడుసార్లు చదివారు, ఆయన తప్పు లేదు."

"అంటే నిబంధన ఉల్లంఘించారు!"

"ఉల్లంఘించాను, రాసుకోండి. మీరు చేతికివ్వగానే పెట్టె చుర్రుమంది. చంటిపిల్లకి ఒళ్లు కాలిపోతుంటే కాగితంలో ఏం రాసుందో చూస్తూ కూర్చుంటానా? లోపలికెళ్లి ఐసులో పెట్టేశాను. మర్నాడు దార్లో ఐసు కరిగిపోయింది, ఆ తర్వాతంతా మీరు చెప్పినట్టే మోశాను. ఈ గొయ్యి దగ్గర్నుంచీ నాది. దానికి ముందున్న కొండ నాది కాదు, అది నా చేతికి రాకముందే ఉంది."

"దీనికి సాక్ష్యం?"

ఫ్రీజర్లోంచి తీసిన ప్రతి ఐసు ముక్కకూ ఐసక్క కూడబలుక్కుంటూ లెక్క రాసే పుస్తకం ఉంది మా దగ్గర. తెచ్చి విప్పింది. ఆ తేదీన, ఒంటిగంటా ఇరవైకి, నాలుగు ముక్కలు, కొత్త టీకా పెట్టెకు. పక్కనే, సరిచూసినట్టు, నా సంతకం. అందరూ నా వైపు తిరిగారు. పదిహేనేళ్లుగా ఆ పుస్తకంలో నేను సంతకం పెట్టడమే గానీ చదివింది లేదు. ఆ మాట పైకే చెప్పాను. సిగ్గు ఎలాగూ పోయింది కదా అని మిగతాదీ చెప్పేశాను.

"ఆ రోజు మీ కారు షామియానా బయట ఎండలో ఉందండీ. అద్దాలు బిగించి ఉన్నాయి. నేను తల దువ్వుకుంటూ తలుపు మీద చెయ్యి వేస్తే బొబ్బెక్కింది. పెట్టె వెనక సీటు మీదే ఉంది. చూశాను. వేదిక మీద కుర్చీ దొరకదేమోనన్న తొందరలో పట్టించుకోలేదు."

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ల్యాబు అమ్మాయి మెల్లిగా అంది: "మేం నలభైకి తయారుచేశాం సార్. అరవై రెండుకి కాదు. ఈ పెట్టెని బట్టి టీకా తగదని రాయలేం, తగుతుందనీ రాయలేం. మళ్లీ మోయించాల్సిందే."

అధికారి కలం తీసి 'వాహకురాలి నిర్లక్ష్యం' కొట్టేసి, 'రవాణాలో లోపం' అని రాసి కాగితం జరిపారు.

"ఏ రవాణాలోనండీ?" ఐసక్క గొంతు లేచింది. "నేను నాలుగు రోజులు నడిచిందీ రవాణాయే, పెట్టె మీ కారులో రెండు గంటలు ఉడికిందీ రవాణాయేనా? రేపెవరైనా చదివితే నడిచినదాన్నే అనుకుంటారు. కారని రాయండి. ఎండలో అని రాయండి. నా ఐసు సంగతీ రాయండి, నేనేం దాచమనట్లేదు."

ఆయన రాశారు. కారు అన్న మాట రాయడానికి చాలాసేపు పట్టింది. మేమెవరం తొందరపెట్టలేదు. తగదన్న వాక్యాన్ని ఆ అమ్మాయే అడ్డంగా కొట్టేసింది.

"ఇంకేమన్నా ఉందా?" అన్నారు ఆయన కలం మూస్తూ.

"ఉంది. రెండో పెట్టె ఎప్పుడు పంపిస్తారో తేదీ వెయ్యండి."

ఆయన ల్యాబు అమ్మాయి వైపు చూశారు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి ఒక తేదీ చెప్పింది. ఆయన మళ్లీ కలం తెరిచి ఆ తేదీ వేశాకగానీ, ఐసక్క దాని కింద సంతకం పెట్టలేదు.