ఒంటి గాజు

మా ఆడపడుచు ప్రమోదినిని ఇప్పుడందరూ డిజైనర్ అంటున్నారు. చిన్నప్పుడు ఊళ్ళో పిచ్చిపిల్ల అనేవారట. సుమ్మాదేవి దగ్గర మా ఊళ్ళో జీడిపూత రాలితే పెద్దవాళ్ళంతా దిగుబడి పోయిందని దిగులుపడుతుంటే, ఈవిడ మాత్రం ఆ పూత ఏరి చెవికి పెట్టుకుని అద్దం ముందు నిలబడేదట. హైదరాబాదులో నగల డిజైన్ నేర్చుకుని వెనక్కి వచ్చేసింది. టెక్కలిలో ఒక కంసాలి చేత వెండిలో చేయించడం మొదలుపెట్టింది. జీడిపండు జుంకాలు, కెరటం అంచు పట్టీలు, మొగలిరేకు గాజులు. మొగలి ఆకు అంచున ఉండే ముళ్ళు గాజు మీద కనబడాలి, చేతికి గుచ్చుకోకూడదు. అందుకోసం ఆ కంసాలి ప్రాణం తోడేసింది. వాటన్నిటికీ ‘ఉద్దానం నగలు’ అని పేరు పెట్టింది.

పేరైతే పెట్టింది గానీ, ఆ పేరుతో పాటు వచ్చే ఇంకో మాట ఆమెకి గిట్టదు. మాది ఉద్దానం అనగానే బయటివాళ్ళు ముందు అడిగేది కిడ్నీల గురించే. మనం ఇచ్చిన మంచినీళ్ళు తాగాలా వద్దా అని గ్లాసు వైపు చూస్తారు. మా మావయ్య, అంటే ప్రమోదిని నాన్న వైకుంఠరావుగారు రెండేళ్ళుగా పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నారు. సూదులు గుచ్చీ గుచ్చీ ఆయన ఎడమచేతి నరం ఉబ్బిపోయింది. ఆ సంగతి ప్రమోదిని బయట ఎక్కడా ఎత్తదు. కొబ్బరితోటలు, జీడితోటలు, సముద్రం, అంతే.

మొన్న టెక్కలి కళ్యాణమండపంలో నగలు ప్రదర్శనకి పెట్టింది. విశాఖ నుంచి ఒక పెద్ద నగల షాపు యజమానురాలు చూడ్డానికి వచ్చింది. ఆవిడకి నచ్చితే ఈ గాజులు ఆ షాపులోకి వెళ్తాయి. ప్రమోదిని ఇన్నేళ్ళ కష్టం ఫలించేదీ లేనిదీ ఆ రోజే తేలాలి. మావయ్యని రమ్మంటే తోటలో కాయ దింపుడుందని తప్పించుకున్నారు. సాయానికి నేను వెళ్ళాను.

షాపావిడ గాజులు చూసి మురిసిపోతుండగా మా వైపు మనిషే ఒకామె వచ్చింది. కుడిచేతికి మట్టిగాజులున్నాయి. ఎడమచెయ్యి కొంగులో దాచుకుంది. మొగలిరేకు గాజు ఒకటి తీసి పట్టుకుంది.

“అమ్మా, మా పాప పెళ్ళికి ఏసుకుంతాను. ఇదొక్కటే ఇత్తావేటి? రొండోది నాకు పనికిరాదు.”

మా ప్రాంతంలో ముత్తైదువ ఒంటి గాజు అడిగిందంటే ఎందుకో చిన్నపిల్లకైనా తెలుసు. సూదులు గుచ్చే చేతికి గాజు వెయ్యకూడదు. ఒత్తుకుంటే నరం పాడైపోతుంది. ఇంట్లో అలాంటి చెయ్యి పెట్టుకుని ప్రమోదినికి తెలియదా?

“ఒక్కటే ఏం చేసుకుంటుందట?” అని షాపావిడ నవ్వింది.

“ఏమోనండీ. ఇక్కడివాళ్ళకి ఇలాంటివి కొనే అలవాటు ఉండదు” అంది మా ప్రమోదిని. తర్వాత ఆమె వైపు తిరిగి, “గాజులు జతగానే అమ్ముతామమ్మా” అంది.

ఆమె గాజుని జాగ్రత్తగా దాని చోటులో పెట్టి, “సరేనమ్మా” అని వెళ్ళిపోయింది. షాపావిడ ఆర్డరిచ్చింది.

తిరుగు ఆటో ఎక్కాం. పలాస దాటాక, “వదినా, సిగ్గుతో చచ్చిపోతున్నాను” అంది.

“ఆ మాత్రం సిగ్గు ఉండాలి” అన్నాను. ఓదార్చాలనిపించలేదు నాకు.

ఇంటి ముందు మావయ్య ఎదురుచూస్తున్నారు. ఆర్డరు మాటైనా అడగకుండానే, “ఎర్రమ్మని ఒకావిడ వొచ్చిందేటమ్మా?” అన్నారు. “ఆస్పత్రిలో నా పక్క మంచమే. మా పాప ఒక్కటైనా ఇచ్చీద్దని నానే పంపినాను. ఏ గాజు తీసుకుంది?”

అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

“ఇవ్వలేదు నాన్నా. ఎందుకు అడుగుతోందో తెలిసీ తెలియనట్టు మాట్లాడాను.” చేతిలోని నగలపెట్టె అరుగు మీద పెట్టేసింది. “మీరు పంపారని ఒక్క మాట కూడా చెప్పలేదు నాన్నా ఆవిడ!”

మావయ్య ఉబ్బిన నరాన్ని కుడిచేత్తో నిమురుకున్నారు.

“సెప్పదులేమ్మా. అక్కడ పెద్దోలుంతారు, నా పేరెత్తితే నీకు నామోషీ అని నానే సెప్పొద్దన్నాను.”