టేపు మీద రెండో వరుస

మీటర్‌లో కనిపించిన అంకెను నేను ఇప్పటికీ పైకే చదువుతాను. మా షాపులో అదే పద్ధతి. ఒకరు స్పీకర్ తీగలకు మీటర్ పెట్టి అంకె చెబుతారు, రెండోవారు దాన్ని తిరిగి పలికి, కాగితపు టేపు ముక్క మీద రాసి బాక్సు లోపల అంటిస్తారు. ఆ తర్వాతే స్పీకర్‌కు స్క్రూలు బిగించడం. ఈ పద్ధతి పెట్టింది నా భాగస్వామి. ఉప్పల్ నుంచి నాచారం వచ్చే దారిలో పన్నెండేళ్లు ఇద్దరం కలిసి కార్లకు సౌండు బిగించాం. చుట్టరికం లేదు కానీ ‘బావా’ అనే పిలుచుకునేవాళ్లం. ఇప్పుడు అంకె నేనే చదువుతాను, నేనే రాస్తాను. తిరిగి పలికేవాళ్లు లేరు.

అతను షాపు వదిలి వెళ్లిపోవడానికి కారణం ఒక ఆంప్లిఫయర్, మా మాటల్లో ఆంప్, కాలిపోవడమని మా గల్లీలో అందరూ అనుకుంటారు. దాన్ని కాల్చింది అతనే అనుకుంటారు. అది నిజం కాదు.

పీర్జాదిగూడ నుంచి ఒకాయన కొత్త కారు తెచ్చాడు. డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్ కావాలన్నాడు. ఆ స్పీకర్‌లో రెండు కాయిల్స్, ఒక్కొక్కటి రెండు ఓంలు. ఒకదాని వెనక ఒకటి, అంటే సిరీస్‌లో, కలిపితే నాలుగు ఓంలు, పక్కపక్కన కలిపితే ఒకటే. ఓంలు తగ్గేకొద్దీ స్పీకర్ కరెంటు ఎక్కువ లాగుతుంది, మోత పెరుగుతుంది. అయితే ఆయన తెచ్చిన ఆంప్ రెండు ఓంల దాకే తట్టుకుంటుంది. అంతకన్నా దిగితే వేడెక్కి కాలిపోతుంది. అందుకే నా భాగస్వామి నాలుగు ఓంలకు కట్టి, టేపు మీద రాసి, బాక్సు మూశాడు.

రెండు రోజులకే ఆయన తిరిగొచ్చాడు.

“ఏందన్నా, గింత పెద్ద డబ్బా పెట్టి రేడియో లెక్క మోగిస్తున్రు?”

“గుండెల గుద్దాల్నంటే ఆంప్ మార్చాలె అన్నా,” అన్నాడు నా భాగస్వామి. “దీని తాకతు గింతే.”

అలా చెప్పి చెంగిచెర్లలోని ఇంటికి అన్నానికి వెళ్లాడు. కారాయన చాయ్ తాగడానికి పక్కకు వెళ్లాడు. నేను బాక్సు విప్పి, తీగలు మార్చి, ఒక ఓంకు కట్టి మూసేశాను. నాకు తెలియక చేసిన పని కాదు. వచ్చిన ప్రతివాడూ ‘ఆ అన్న లేడా?’ అని అతన్నే అడిగేవాడు. ఒక్కరితోనైనా నా పని బాగుందని అనిపించుకోవాలనుకున్నాను.

పాట పెట్టగానే వెనక అద్దం వణికింది. కారాయన పరుగున వచ్చాడు.

“ఏం జేసినవే!”

“ఏం లేదన్నా, ఒక్క నాబ్ తిప్పిన.”

“నీ చేతిల ఏందో ఉందన్నా. ఆ అన్నకు గీ ఇద్దె రాదా మరి?”

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

వారం తిరక్కుండా కారు పొగ వాసనతో వచ్చింది. నా భాగస్వామి డిక్కీలోకి వంగి స్పీకర్ విప్పాడు. తల ఎత్తకుండానే చెయ్యి వెనక్కి చాపి, “పెన్నియ్యి బావా,” అన్నాడు. జేబులోని ఆకుపచ్చ సిరా పెన్ను ఇచ్చాను. కొత్త అంకె రాసుకుంటున్నాడనుకున్నాను. అన్నీ బిగించి లేచి, “మన షాపు తప్పు అన్నా. ఇంకో ఆంప్ మేమే పెడ్తం,” అన్నాడు.

“షాపు తప్పేంది? వైర్లు కలిపింది నువ్వే గద!” అని అతన్ని నిలదీసి, అవునా కాదా అన్నట్టు కారాయన నా వైపు తిరిగాడు.

“కలిపింది ఆయనే,” అన్నాను.

మొదట కలిపింది అతనే కదా, అందులో అబద్ధమేముందని ఆ తర్వాత నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అతను నన్ను ఒకసారి చూసి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. పొరపాటు తనదేనని నమ్మాడేమో అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉండేది.

మాట గల్లీ అంతా పాకింది. “పొగ మేస్త్రి ఉన్నడా?” అని బయటి నుంచే కేకలు వేసేవాళ్లు. అతను ఒక్కో జాయింటును మూడేసి సార్లు కొలవడం మొదలుపెట్టాడు. నేను అంకె చెబితే తిరిగి పలకకుండా, వచ్చి తనే చూసుకునేవాడు. కొన్ని నెలలకు, ఏదో కంపెనీలో పని దొరికిందని చెప్పి తన మీటర్ ఒక్కటే తీసుకుని వెళ్లాడు.

మొన్న ఒక కుర్ర జంట పాత కారు కొనుక్కుని వచ్చారు. పిల్లల బండి పెట్టడానికి డిక్కీలో చోటు లేదట. “ఈ డబ్బా తీసి పడేయండన్నా,” అన్నారు. పైన అంటించిన కార్పెట్ చూడగానే అది పీర్జాదిగూడ ఆయన డబ్బాయేనని గుర్తుపట్టాను. వాళ్లు వెళ్లాక స్క్రూలు విప్పాను. లోపల టేపు అలాగే ఉంది. మొదటి వరుస నీలం సిరా: ‘సిరీస్. 4.’ దాని కింద ఆకుపచ్చ సిరాతో రెండో వరుస: ‘విప్పితే 1 ఉంది. ఇది నేను కట్టింది కాదు.’

నా పెన్నుతో, నా పక్కనే నిలబడి రాశాడు. మళ్లీ ఆ బాక్సు విప్పేవాడికి తప్ప ఎవరికీ కనిపించని చోట రాశాడు.

చాయ్ దుకాణం దగ్గర ఉన్న నలుగురితో, ఆంప్ కాల్చింది నేనని చెప్పాను. “ఎప్పటి ముచ్చటనే! పొగ మేస్త్రివి నువ్వేనా అయితే?” అని నవ్వి, వేరే మాటల్లో పడ్డారు. టేపు ఫోటో తీసి, ‘కట్టింది నేను బావా’ అని రాసి అతనికి పంపాను. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు. రావాలని అడిగే ముఖం నాకు లేదు.

టేపు మీద మూడో వరుస నేను రాశాను: ‘1కి కట్టింది నేను.’ అలవాటుగా స్పీకర్ పెట్టి ఒక స్క్రూ కూడా బిగించాను. మూసేస్తే నేను రాసిందీ ఎవరికీ కనపడదని అప్పుడు తోచింది. స్క్రూ విప్పేశాను. ఇప్పుడా ఖాళీ డబ్బా షాపు ముందు, టేపు బయటికి కనిపించేలా, పడుకోబెట్టి ఉంది. అదేమిటని అడిగినవాళ్లకు మూడు వరుసలూ పైకి చదివి వినిపిస్తున్నాను.