గేరు మామయ్యా, నడిమధ్య మోడూ

మా మామయ్యను అందరూ గేరు మామయ్య అనేవారు. పాత లారీలు విప్పి బిగించడం ఆయన పని. నేను ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేశాను గానీ, యంత్రాల ముచ్చట వస్తే ఇంజనీర్లు నా ముందు చేతులు కట్టుకోవాల్సిందే. అలాంటి నా నోరే మూయించిన యంత్రం ఆయన చేశాడు.

తుక్కు లారీ గేరుపెట్టె, బావి గిలక, బొటనవేలంత లావు ఇనుప తాడు. ఇద్దరం గడ పట్టుకుని గుండ్రంగా తిరిగితే తాడు చుట్టుకుంటుంది, దాని చివరనున్న మోడు వేళ్లతో సహా పైకొస్తుంది. ఒక మోడు ఎంత ఊపుగా లేచిందంటే, దారినపోయే కొంగ గాల్లోనే దాని మీద వాలి, గుడ్డు పెట్టి వెళ్లాకే కింద పడింది. నమ్మకపోతే కొంగనడగండి.

ఇంతకీ ఈ పాట్లెందుకంటే, మామయ్యకు చూపు మందగించింది. మరలు చేతికి తగలడమే గానీ కంటికి ఆనడం లేదు. షెడ్డు మూసేశాడు. అప్పుడో ఆసామి జామాయిల్ తోట నరికించి, మోళ్లతో నిండిన చేను చూపించాడు.

"తొలకరికల్లా ఒక్క మోడు లేకుండా చెయ్యి. పదేళ్లు కౌలు లేకుండా పండించుకో. ఒక్కటి మిగిలినా ఈ మాట చెల్లదు."

యంత్రాన్ని వెనకనుంచి దేనికైనా గట్టిగా కట్టాలి. లేకపోతే మోడు మన దగ్గరికి రాదు, యంత్రమే మోడు దగ్గరికి పోతుంది. చేను నడిమధ్య ఏనాటిదో చింతమోడు, ఏనుగంత. మామయ్య దానికి గొలుసు వేసి, దాని బలంతోనే మిగతావన్నీ పీకాడు.

"అల్లుడూ, ఇంత నమ్మకస్తుడు మన చుట్టాల్లో లేడురా!" అనేవాడు.

అన్నం తెచ్చిన అత్తయ్య ఒకరోజు చేనంతా కలియజూసింది. "బాగానే ఉంది గానీ, ఇప్పుడు ఈ చింతమోడును పీకడానికి యంత్రాన్ని దేనికి కడతావయ్యా? నా మెడకా?"

మామయ్య నవ్వబోయి ఆగిపోయాడు. చేను బోసినోరులా ఉంది.

"గట్టు పక్కన రెండు పెద్ద మోళ్లు ఉంచుకోకపోయావా? దీన్ని లాగేశాక వాటిని గడ్డపారతో తవ్వుకునేవాళ్లుగా!"

"తోచలేదే," అన్నాడు.

లారీ చట్రాన్ని నిలువులోతు గోతిలో పాతి, యంత్రాన్ని దానికి కట్టాం. మోడు కదల్లేదు, చట్రమే లేచొచ్చింది. నిప్పు పెడితే పొగ తప్ప మంట లేదు. పెద్ద యంత్రం తెప్పిద్దామంటే దారిలో కాలవ మీదున్నది చెక్క వంతెన, అంత బరువు ఆపదు. చివరికి వేళ్ల చుట్టూ తవ్వుతుంటే వాన మొదలైంది. తవ్విన గొయ్యి చెరువైంది.

ఆసామి గొడుగేసుకుని వచ్చాడు.

"ఒక్కటే కదండీ మిగిలింది," అన్నాడు మామయ్య.

"ఒక్కటే. నేను చెప్పిందీ ఒక్కటే మాట."

చేను ఇంకొకడికిచ్చాడు. ఆ కొత్త కౌలుదారు మోడును ముట్టుకోనైనా లేదు. ఎడ్లను దాని చుట్టూ తిప్పి దున్నుకున్నాడు, విత్తుకున్నాడు.

మామయ్య గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. "దున్నేవాడికి అది అడ్డమే కాలేదురా అల్లుడూ," అన్నాడు.

అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. ఇప్పుడామె నాలుగిళ్లలో గిన్నెలు తోముతోంది. ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు.