గుండమ్మ ఆపిన దెబ్బలు

గుండమ్మ నోటికి జడవనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. బియ్యంలో ఒక్క రాయి కనపడితే చాలు, ఆ బియ్యం పంపినవాడి ఏడు తరాలనూ పొయ్యి ముందు నిలబెట్టి కడిగేది. బీదర్ జిల్లాలో చిట్గుప్ప అవతలి ఆ ఊరి హైస్కూల్లో బిసియూట, అంటే పిల్లలకు పెట్టే మధ్యాహ్నపు అన్నం, వండేది ఆమే. మొగుడు పోయినప్పటినుంచీ ఆ పొయ్యే ఇల్లు, ఆ పిల్లలే సంసారం. ఆమె తిట్టని పిల్ల లేదు, తిన్నావా అని అడగని పిల్లా లేదు. అట్లాంటి మనిషి ఇప్పుడు నలుగురిలో నోరు విప్పడం లేదంటే నమ్మరు. నమ్మండి. నాగి బడి మానినప్పటినుంచీ అంతే.

నాగికి ఇంట్లో పెట్టిన పేరు నాగేశ్. ఖండప్పకూ మహాదేవికీ ఒక్కగానొక్క కొడుకు అని ఊరు అనుకునేది. పిల్లకు మాత్రం బుద్ధి తెలిసినప్పటినుంచీ తాను ఆడపిల్లననే తెలుసు. పదో తరగతికి వచ్చేసరికి ఇక దాచడం మానేసింది. అన్నం దగ్గర మగపిల్లలు ఒక వరస, ఆడపిల్లలు ఒక వరస నిలబడటం ఆ బడి అలవాటు. ఒకరోజు నాగి పోయి ఆడపిల్లల వరసలో నిలబడింది. ఇంకేముంది, ఇటునుంచి ఈలలు, అటునుంచి కిసకిసలు. నాగి పళ్ళెం పట్టుకుని తల దించుకుంది గానీ వరస వదల్లేదు.

గుండమ్మ సాంబారు గరిటె ఎత్తుకుని బయటికి వచ్చింది.

"ఏమ్రా, అన్నం తింటానికొచ్చిన్రా, తమాషా చూస్తానికొచ్చిన్రా? ఆకలికి ఆడేంది, మగేంది? ఇయ్యాల్టి సంది ఒక్కటే లైను. ఎవనికన్న ఇష్టం లేకుంటే ఇంటికి పోయి గంజి తాగుమనుండ్రి!"

అంతే, ఆ రోజుతో రెండు వరసలు ఒకటైపోయాయి. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి చూసి కూడా ఏమీ అనలేదు. గుండమ్మతో పెట్టుకునే ధైర్యం ఆయనకెక్కడిది!

బడిలో నాగిని మనిషిగా చూసిన ఇంకొకరు ఎస్తర్ టీచరు. బీదర్‌లో చిద్రి నుంచి రోజూ బస్సులో వచ్చి సైన్సు చెప్పేది. "నిన్ను ఏమని పిలువమంటవు?" అని ఆమె అడిగితే, పిల్ల "నాగి" అన్నదట. అప్పటినుంచి ఎస్తరమ్మ అట్లాగే పిలిచింది, ఆమెను చూసి గుండమ్మ అట్లాగే పిలిచింది. నాగి మగపిల్లల మరుగుదొడ్డికి పోలేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగదని కనిపెట్టి, టీచర్ల మరుగుదొడ్డి తాళం ఇవ్వమని ఎస్తరమ్మ హెడ్మాస్టరును ఎన్నిసార్లు అడిగిందో. రేపు ఎవరన్నా వచ్చి గొడవ చేస్తే జవాబు చెప్పేదెవరని ఆయన దాటేసేవాడు. ఎస్తరమ్మ గట్టిగా అరిచే మనిషి కాదు, కానీ పట్టు వదిలే మనిషి కూడా కాదు.

ఒకసారి గుండమ్మ చేతిమీద వేడి సాంబారు ఒలికింది. వంటగదిలో ఒకామె పసుపు తెమ్మంది, ఇంకొకామె టూత్‌పేస్టు పూయమంది. నాగి వాళ్ళిద్దరినీ నెట్టుకుంటూ వచ్చి గుండమ్మ చెయ్యిని నల్లా కింద పెట్టేసింది.

"ఏం పుయ్యొద్దవ్వా. సల్లని నీళ్ళు పొయ్యి, అట్లనే ఉంచు. జర ఓర్సుకో."

"ఓహో, డాక్టరమ్మవే నువ్వు!"

"డాక్టర్ గాదు, నర్సు అయిత. పది పాసయితే బీదర్ పోయి సదువుత. నువ్వు బీమారు పడితే నేనే సూది ఏస్తనవ్వా, నొప్పి లేకుంట."

నీ సూదికి నా బర్రె తోలు ఎక్కడ లొంగుతదే అని గుండమ్మ నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ, ఈ పిల్ల పది గట్టెక్కితే చాలు తల్లీ అని మనసులోనే మొక్కుకుంది.

చలికాలం వచ్చేసరికి వరస సంగతి ఖండప్ప చెవిన పడింది. చెరుకు ట్రాక్టరు నడిపే మనిషి, పదిమందిలో తిరిగేవాడు. హోటలు దగ్గర ఎవడో "నీ కొడుక్కి గాజులు కొనవా ఖండప్పా" అన్నాడట. ఆ ఎకసక్కెం ఆడినవాణ్ణి ఏమీ అనలేక ఇంటికొచ్చి పిల్లమీద బెల్టు తీశాడు. లోకంలో చేతకాని కోపమంతా ఇంట్లో బక్కప్రాణం మీదకే కదా దిగేది! మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. అయినా తెల్లవారేసరికి నాగి తల దువ్వుకుని, పూర్తి చేతుల చొక్కా తొడుక్కుని బడికి వచ్చేది. ఒక్కరోజు మానలేదు.

శనివారం నాడు ఎస్తరమ్మ ఆ చొక్కా చెయ్యి పైకి మడిచి చూసి బిత్తరపోయింది. వెంటనే ఫోన్లు చేసింది. తర్వాత వంటగదికి వచ్చి చెప్పింది.

"గుండమ్మా, బీదర్‌లో పిల్లల కోసం ఆఫీసున్నది. ఆళ్ళతోని మాట్లాడిన. సోమవారం వస్తుండ్రు. హెడ్మాస్టరును గూడ తీసుకొని అందరం కలిసి ఖండప్ప ఇంటికి పోదాం. దాన్ని కొట్టకుంట, సదువు ఆగకుంట, ఎట్ల చెయ్యాల్నో ఆళ్ళకు తెలుసు. అప్పటిదాక నువ్వు ఆవేశపడి ఏమనకు."

"నేనేమంట టీచరమ్మా, మూగదాని తీరు ఉంట" అన్నది గుండమ్మ.

ఉంటే ఎంత బాగుండేది!

ఆదివారం పొద్దుగూకే వేళ గుండమ్మ వాకిట్లో కూచుని కందిపప్పు చెరుగుతోంది. ఖండప్ప ఇల్లు అదే సందులో. బెల్టు చప్పుడు వినపడింది. నాగి అరుపు మాత్రం వినపడలేదు. అరిస్తే ఇంకా ఓర్చుకునేదేమో. దెబ్బ పడుతున్నా పిల్ల అరవకపోవడం ఆమె గుండెను పిండేసింది. చేట విసిరేసి పరుగెత్తింది.

లోపల నాగి గోడవారన ముడుచుకుని ఉంది. మహాదేవి మొగుడి కాళ్ళకు చుట్టుకుని ఏడుస్తోంది. ఖండప్ప కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయి.

"చెయ్యి దించు ఖండప్పా!"

"నువ్వు జరుగత్తా. నా కొడుకు, నా ఇష్టం. నా ఇజ్జత్ అంత మట్టిల కలుపుతుండు."

గుండమ్మ బతిమాలింది, తిట్టింది, పోలీసుల పేరెత్తింది. ఏదీ పని చేయలేదు. బెల్టు మళ్ళీ లేచింది. అప్పుడు, ఆ క్షణంలో, ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, ఆమె నోట వచ్చేసింది.

"కొట్టకు! అది నీ బిడ్డ గాదు, ఎల్లమ్మ తల్లి బిడ్డ. తల్లి పట్టింది దాన్ని. కండ్లు కనిపిస్తలేవా నీకు? తల్లి పట్టినదాని మీద చెయ్యి ఎత్తుతవా, ఆ చెయ్యి పడిపోదా?"

ఆ వైపు చాలామంది నమ్మకం అది. మగపిల్లవాడిలో ఆడతనం కనపడితే ఎల్లమ్మ తల్లి ఆ బిడ్డను తనకోసం పట్టుకున్నదంటారు. ఎల్లమ్మ కొండకు తీసుకుపోయి, మెడలో ముత్యాల దండ కట్టి జోగప్పను చేస్తారు. ఆనాటినుంచి చీర కట్టి, తలమీద తల్లి బుట్ట పెట్టుకుని ఇల్లిల్లూ జోగు, అంటే తల్లి పేరిట భిక్ష, అడగాలి. ఊరు దండం పెడుతుంది. గుండమ్మ కూడా చిన్నప్పటినుంచి అట్లా దండం పెట్టిన మనిషే. ఆ ఊళ్ళో నాగిలాంటి పిల్లను కాపాడటానికి ఆమెకు తెలిసిన గౌరవమైన మాట ఇంకోటి లేదు.

ఖండప్ప చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బెల్టు జారిపోయింది. మహాదేవి గబగబా లేచి పసుపు కుంకుమ తెచ్చి, పిల్ల దెబ్బలు తగిలిన కాళ్ళకు పూసి, మీద పడి ఏడ్చింది. "తప్పయింది తల్లీ" అంటూ ఖండప్ప కూడా వంగాడు. నాగి బిత్తర చూపులు చూస్తూ ఉండిపోయింది. గుండమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ ఇంటికి వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ రోజు ఆమె కడుపునిండా తిని నిద్రపోయింది.

సోమవారం ఎస్తరమ్మకు గొప్పగా చెప్పింది. "ఆఫీసోల్లు ఎందుకు టీచరమ్మా, నేనే ఖతం చేసిన ఆ లొల్లి. ఇగ దాని జోలికి ఎవ్వడు రాడు." ఏమని చెప్పావని అడిగి, విని, ఎస్తరమ్మ ఆఫీసువాళ్ళను రమ్మనే చెప్పింది. బీదర్ నుంచి వచ్చినవాళ్ళ ముందు ఖండప్ప రెండు చేతులూ జోడించి, మా తప్పు తెలిసింది, ఇక ఈగ కూడా వాలనివ్వం అన్నాడు. వాళ్ళు పిల్ల ఒంటిమీది వాతలు చూశారు, తండ్రి కన్నీళ్ళు చూశారు, మళ్ళీ వస్తామని పోయారు.

బడిలో అంతా మారిపోయింది. ఇన్నాళ్ళూ తాళం ఇవ్వని హెడ్మాస్టరు తానే తెచ్చి నాగి చేతిలో పెట్టాడు, పెట్టి దండం కూడా పెట్టాడు. ఈల వేసిన పిల్లలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. పక్కన కూచుని జడలల్లుకునే ఆడపిల్లలు మెల్లగా దూరం జరిగారు. ఒక మధ్యాహ్నం నాగి వంటగది గుమ్మం దగ్గర కూచుని, "అవ్వా, నాతోని ఎవ్వరు కొట్లాడుతలేరు" అన్నది. మంచిదే కదనే అన్నది గుండమ్మ. అప్పటికి ఆమెకు ఇంకా తెలియలేదు.

మాఘ పున్నమికి కొండకు పోవాలని ఖండప్ప ఇంట్లో నిర్ణయమైంది. మార్చిలో పరీక్షలు. ముత్యాలు కట్టించుకున్నాక బడేమిటి, తల్లి సేవ వదిలి బెంచీమీద కూచుంటే ఊరికి అరిష్టం కాదా అన్నారు పెద్దలు. ఆ సంగతి నాగి పరుగెత్తుకొచ్చి చెప్పింది.

"అవ్వా, నాకు తల్లి పట్టలె. నువ్వన్నవ్ అంతే. నేను పరీక్ష రాయాలె. నువ్వే పోయి మా నాయినకు చెప్పు."

పెనం మీదినుంచి తీసి పొయ్యిలో వేసింది తానేనని గుండమ్మకు అప్పుడు అర్థమైంది. చేతులు కూడా కడుక్కోకుండా ఖండప్ప ఇంటికి పోయింది. నాగి వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఖండప్ప కొత్త ఆకుపచ్చ చీరను ఒళ్ళో పెట్టుకుని మడత సరిచేస్తున్నాడు. "రా అత్తా, కూసో. నా బిడ్డకు మంచిగ లేదా ఈ రంగు?" అన్నాడు. పుట్టినప్పటినుంచి ఆయన ఆ పిల్లను అంత ప్రేమగా అనడం గుండమ్మ వినలేదు. అయినా చెప్పింది.

"ఖండప్పా, ఆనాడు నువ్వు కొడుతుంటే ఆపనీకి అన్న ఆ మాట. తల్లి పట్టలె, ఏం పట్టలె. అది అట్లనే పుట్టింది. ఆడపిల్లే అది. సదువుతాంది, సదువుకోనీ."

ఖండప్ప చీర పక్కన పెట్టాడు. ముఖం మెల్లగా మారింది.

"తల్లి పట్టింది గాదు?"

"గాదు."

"రోగం గాదు, వేషం గాదు?"

"గాదయ్యా."

"మరేందత్తా? ఇంకేముంటది?" లేచి నిలబడ్డాడు. "అయితే నేను కొట్టింది తప్పుగాదన్నట్టు. ఇన్ని దినాలు ఉత్తగనే కాళ్ళు మొక్కిన వీనికి."

చెయ్యి నడుము దగ్గరికి పోయింది. గుండమ్మ ఆ చెయ్యినే చూసింది. ఇంకేముంటది అన్న ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు, నోటిదాకా రాలేదు. ఎస్తరమ్మ పక్కన ఉంటే చెప్పేదేమో. గుమ్మంలో నాగి నోరు తెరిచి ఏదో అనబోయింది. ఈలోపే గుండమ్మ అందుకుంది.

"తల్లే పట్టింది ఖండప్పా. నాకే మతి పోయింది. ముసలిదాన్ని, ఏదో వాగిన. తల్లే పట్టింది."

పున్నమికి రెండు టెంపోల నిండా జనం కొండకు పోయారు. ఎస్తరమ్మ బీదర్ ఆఫీసువాళ్ళను మళ్ళీ పిలిచింది. వాళ్ళు వచ్చేసరికే దండ కట్టడం అయిపోయింది. ఇష్టంతోనే చేసుకున్నావా అని అడిగితే, చుట్టూ నిలబడ్డ చుట్టాలను చూసి నాగి తల ఊపిందట. పరీక్షలు వచ్చాయి, పోయాయి. ఎస్తరమ్మ గుండమ్మను ఒక్క మాట అనలేదు. వచ్చే ఏడన్నా రాయిద్దామని ఇప్పటికీ ఆ ఇంటి చుట్టూ తిరుగుతోంది.

వేసవిలో ఒక మంగళవారం గుండమ్మ వాకిట్లో "జోగు" అని వినపడింది. ఆకుపచ్చ చీర, తలమీద బుట్ట, నాగి. ఎండకు ముఖం నల్లబడింది. గుండమ్మ చేట నిండా బియ్యం తెచ్చింది గానీ పోయలేకపోయింది. అక్కడే కూలబడి ఏడ్చింది.

"నీ బతుకు ఆగం చేసిన బిడ్డా. ఈ నోరు పడిపోను. మంచి చేద్దామనే పోయిన, కొట్టకుంట ఉంటడని..."

"ఏడువకవ్వా. ఎవ్వలు రాని కాడికి నువ్వు వచ్చినవ్, నాకెర్క." నాగి బుట్ట దించి పక్కన కూచుంది. "మల్ల వచ్చిన దినం గూడ, నేనేదో అందామనుకున్న. నువ్వే అందుకున్నవ్."

"ఏమందామనుకున్నవే?"

"కొట్టనీ అవ్వా అందామనుకున్న." నాగి బియ్యంలోంచి రాయి ఏరి పారేసింది. "దెబ్బలు తిన్న దినం గూడ పొద్దుగాల బడికి పోతుంటి గద."

పసుపు తీసి గుండమ్మ నుదుట పెట్టింది. చేట ఎత్తి బియ్యం తానే బుట్టలో పోసుకుని, పక్కింటి వాకిట్లోకి పోయి జోగు అని పిలిచింది.